పెద్దవాళ్ల వార్డులో మొదటి మాట ఎవరిది?

 

వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ చదివి పట్టాలు అందుకుంటున్న మీరంతా ఈ హాల్లో పక్కపక్కనే కూర్చున్నారు. రేపు వార్డులో కూడా ఇలాగే కూర్చోమని అడగడానికే వచ్చాను.

1935లో లండన్ శివారు ఐజిల్‌వర్త్‌లో పేదల ఆసుపత్రి వార్డులను డాక్టర్ మార్జరీ వారెన్‌కు అప్పగించారు. 700 మందికి పైగా రోగులు. నయంకారని మంచానికే వదిలేసిన ముసలివాళ్లు వాళ్లలో ఎందరో. ఆమె ఒక్కొక్కరినీ మళ్లీ పరీక్షించి, అన్ని రంగాలవారినీ కలుపుకుని పనిచేస్తే చాలామంది లేచి నడిచారు, ఇళ్లకు వెళ్లారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలూ అదే దారి చూపాయి: ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లను ఇలా బృందంగా అంచనా వేస్తే, ప్రాణాలతో సొంత ఇంట్లోనే ఉండగలిగేవారి సంఖ్య పెరుగుతుంది.

మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. నెలలో రెండుసార్లు పడిపోయింది. స్కాన్ బాగుంది, రక్తపరీక్షలూ బాగున్నాయి. నర్సమ్మ ఆవిడను పడుకోబెట్టి బీపీ చూసింది, లేచి నిలబడ్డాక మూడు నిమిషాలకు మళ్లీ చూసింది. బీపీ బాగా పడిపోయింది. ఫార్మసిస్టు మాత్రల సంచీని బల్లమీద గుమ్మరించాడు. ఇద్దరు డాక్టర్లు రాసిన ఒకే బీపీ మందు, రెండు కంపెనీల పేర్లతో! ఫిజియోథెరపిస్టు కుర్చీలోంచి లేపి మూడు మీటర్లు నడిపించింది. తిరిగేటప్పుడు ఆవిడ చేయి గోడను వెతుక్కుంది. సోషల్ వర్కర్ కనుక్కుంది: మరుగుదొడ్డి పెరట్లో ఉంది, దారిలో దీపం లేదు. నాకొక్కడికే వదిలితే తలతిరుగుడు మాత్ర రాసి పంపేవాణ్ణి.

అయితే ఐదుగురూ ఐదు కాగితాలు రాసి ఫైల్లో పెడితే సరిపోదు. కూర్చుని మాట్లాడుకోవాలి, ఏ పని ఎవరిదో, ఎప్పటికో తేల్చుకోవాలి. ఆవిడకేం కావాలో ముందు ఆవిడనే అడగాలి. తోడు లేకుండా గుడికి వెళ్లాలంది. మందు తగ్గించడం, కాళ్లకు వ్యాయామం, పెరట్లో దీపం, అన్నీ ఆ కోరిక చుట్టూనే పెట్టుకున్నాం.

డాక్టర్లయిన పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు. రాత్రంతా రోగి పక్కన ఉన్నది నర్సు. మొదటి మాట ఆమెకివ్వండి, చెప్పడం పూర్తయ్యేదాకా వినండి.