బిరుదులు – పరిచర్య
(శతాబ్ది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సేవకు బిరుదునివ్వడం పాత ఆచారం. రోమను కతోలిక సంఘంలో 16వ గ్రెగొరీ పోపుగారు 1831లో పునీత మహా గ్రెగొరీ పేర ఒక గౌరవ శ్రేణిని స్థాపించారు. సంఘానికి విశేష సేవ చేసినవారికి నేటికీ అది లభిస్తున్నది. బ్రిటిషు ప్రభుత్వం తన సామ్రాజ్యానికి ఉపకరించిన సంస్థానాధీశులకు, అధికారులకు 1861లో స్టార్ ఆఫ్ ఇండియా, 1878లో ఇండియన్ ఎంపైర్ అనే శ్రేణులను ఏర్పరచింది. ప్రజాసేవకు 1900లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులను ఆదరించిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారికి 1923లో ఆ పతకమిచ్చారు.

ఆమె అందుకు తగినవారే. అయితే పతకమిచ్చినది ఏలేవాడు. పుచ్చుకొన్నవారు వాని మనుషులేనని జనం తలిస్తే తప్పు పట్టగలమా? "దొరల మతం" అనే నింద మన పెద్దలు ఊరూరా మోశారు గదా!

ఆ నిందకు జవాబు మన డోర్నకల్లులోనే దొరికింది. తిరునెల్వేలి నుండి వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల త్యాగాన్ని మెచ్చుకొంటూనే, భారతీయులను స్నేహితులుగా చూడవలెనని నిర్భయంగా కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆ పదవితో ఆయన పల్లెల్లోని పేదల మధ్యకే నడిచారు. మన దేశపు శిల్పరీతులతో ఆయన కట్టించిన దేవాలయం 1939లో ప్రతిష్ఠింపబడింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లులోనే కన్నుమూశారు.

స్వాతంత్ర్యం తరువాత మన రాజ్యాంగం 18వ అధికరణం ద్వారా, సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం బిరుదులివ్వరాదన్నది. మరి మన సంఘాల మాటేమిటి? శాలువా ఎవరికి ముందు, ఫలకంపై ఎవరి పేరు పైన అని తగవులు పడడం లేదా? తెల్లవారకముందే గుడి ఊడ్చే అమ్మకు, గంట కొట్టే తాతకు, ఎండలో ఊళ్లు తిరిగిన బైబిలు స్త్రీకి ఏ సన్మానం చేశాం?

గౌరవించడం తప్పు కాదు. గౌరవం కోసం సేవ చేయడమే తప్పు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు నడుమున ఉన్నది తువాలు మాత్రమే. ఈ శతాబ్ది సంవత్సరంలో ప్రతి సంఘమూ అటువంటి పేరులేని సేవకుల పేర్లను తన రిజిస్టరులో వ్రాసికొనవలెనని మనవి చేస్తున్నాను.