కోచ్ చేతిలో ఏముంటుంది?

(ఒంగోలులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆడపిల్లల గురించి, ఆటల గురించి మాట్లాడమన్నారు. నేనేమో ఒక మగవాడితో మొదలుపెడుతున్నాను. కోప్పడకండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

పుల్లెల గోపీచంద్ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని నాగండ్లలో, 1973లో. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1994లో మోకాలు దెబ్బతిని, మళ్ళీ లేచి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అది ఆటగాడి కథ, అందరికీ తెలిసిందే. నాకు ఆసక్తి ఆ తర్వాతి కథ మీద.

2006లో అతను జాతీయ కోచ్ అయ్యేనాటికి బాడ్మింటన్‌లో మనకు ఒక్క ఒలింపిక్ పతకం లేదు. ప్రభుత్వమిచ్చిన స్థలంలో, ఇల్లు తాకట్టు పెట్టి, విరాళాలు పోగుచేసి 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచాడు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా కోర్టులో ఉండేవాడు. 2012లో సైనా నెహ్వాల్‌కి కాంస్యం, 2016లో పి.వి. సింధుకి రజతం వచ్చాయి. 2024 పారిస్ దాకా చూసినా ఈ ఆటలో మనకొచ్చిన ఒలింపిక్ పతకాలన్నీ ఆడపిల్లలు తెచ్చినవే. అతని భార్య పి.వి.వి. లక్ష్మి కూడా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారిణి. ఈ మాట మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా!

రియో ఫైనల్ అయ్యాక గోపీచంద్ పత్రికలవాళ్ళతో ఒక మాటన్నాడు. మూడు నెలలుగా సింధు దగ్గర ఫోన్ లేదు, ఇప్పుడు తిరిగిచ్చేస్తాను, ఐస్‌క్రీం కూడా తిననిస్తాను అని. దేశమంతా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు? తర్వాత ఆలోచనలో పడ్డాను. అప్పటికి ఆమెకి ఇరవయ్యొక్కేళ్ళు. ఆ కట్టుబాటుకి ఆమె మనస్ఫూర్తిగానే ఒప్పుకుని ఉండొచ్చు. గోపీచంద్ మీద నాకే ఫిర్యాదూ లేదు. సింధు వెనక ఇద్దరు వాలీబాల్ క్రీడాకారులైన తల్లిదండ్రులున్నారు, పేరుంది, కెమెరాలున్నాయి. పిల్ల తిండి, నిద్ర, ఎవరితో మాట్లాడాలన్నదీ నిర్ణయించే ఇదే అధికారం ఎవరూ చూడని చోట, ఇంకో కోచ్ చేతిలో, ఒక కూలి మనిషి కూతురి మీద ఉంటే ఏమవుతుంది?

నేను మిర్చి కూలీల మధ్య పనిచేస్తున్నప్పుడు ఒక పిల్లని ఎరుగుదును. ఊరి పేరూ బడి పేరూ చెప్పను. కోతల కాలం వస్తే ఆ ఊళ్ళో ఆడపిల్లలు తల్లి వెంట చేలోకి పోవడం మామూలే. ఈ పిల్ల మాత్రం ఖోఖో కోసం బడికి పోయేది. జిల్లా ఎంపికకని శిక్షణ శిబిరానికి పంపారు. నాలుగో రోజుకి తిరిగొచ్చేసింది. కడుపునొప్పి అంది తల్లి. మంట చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్న ఒక రాత్రి అసలు సంగతి చెప్పింది. కోచ్ చేతులు. జట్టులో పేరు రాసేది ఆయనే, ఫిర్యాదు తీసుకునేదీ ఆయనే. బయటపెడితే రేపు పిల్లకి సంబంధం వస్తుందా అని తల్లి భయం. ఆ పిల్ల మళ్ళీ ఖోఖో ఆడలేదు. మరుసటి ఏడు నుంచి కోతలకి పోయింది.

2023 జనవరిలో రెజ్లర్లు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది. ఆ ఏడు మే నెలలో జాతీయ మానవహక్కుల కమిషన్ క్రీడా సంఘాలకి నోటీసులిచ్చింది, 30 జాతీయ సమాఖ్యల్లో 15 చోట్ల చట్టం చెప్పిన కమిటీ సరిగా లేదన్న వార్త చూసి. ఢిల్లీలోనే అలా ఉంటే మన మండలాల సంగతి చెప్పాలా?

చట్టం మాత్రం ఉంది. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఆఫీసులకే అనుకుంటారు మన కార్యకర్తలు కూడా. కాదు. క్రీడా సంస్థలు, స్టేడియాలు, పోటీలు జరిగే చోట్లు, అక్కడే బస ఉన్నా లేకపోయినా, అన్నీ అందులో పనిస్థలాలే. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు, ఏ వయసైనా కావచ్చు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట కమిటీ లేకపోతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. మూడు నెలల్లోగా ఇవ్వాలి. పద్దెనిమిది నిండని పిల్లయితే 2012 నాటి పోక్సో చట్టం ఉండనే ఉంది.

ఇక కోచ్‌లలో ఆడవాళ్ళెక్కడ? ఈ ప్రశ్నకి అమెరికా అనుభవం పనికొస్తుంది. పాట్ సమిట్ అనే ఆమె 1974లో, ఇరవై రెండేళ్ళకే, టెనెసీ విశ్వవిద్యాలయం ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్ అయింది. జట్టు బట్టలు తనే ఉతికేది, వ్యాను తనే నడిపేది. 38 ఏళ్ళలో 1098 ఆటలు గెలిపించింది, ఎనిమిదిసార్లు జాతీయ టైటిల్ తెచ్చింది. అయితే అక్కడే ఒక వింత జరిగింది. 1972లో చదువులో లింగవివక్ష కూడదని చట్టమొచ్చేనాటికి కాలేజీ ఆడజట్ల కోచ్‌లలో నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. చట్టంతో ఆడజట్లకి డబ్బూ జీతాలూ వచ్చాయి. వాటి వెనకే మగవాళ్ళొచ్చారు. ఆడ కోచ్‌లు సగానికంటే తక్కువకి పడిపోయారు. చాకిరీగా ఉన్నన్నాళ్ళు ఆడవాళ్ళది, ఉద్యోగమయ్యాక మగవాళ్ళది! మన పత్తిచేలలో ఏరడం ఆడవాళ్ళదీ, యార్డులో అమ్మి డబ్బు లెక్కపెట్టుకోవడం మగవాళ్ళదీ అయినట్టు.

మీరు పనిచేసే మండలాల్లో ఎన్ని ఉన్నత పాఠశాలల్లో డ్రిల్లు టీచరు ఆడమనిషి? శిబిరాలకి పిల్లల వెంట ఆడవాళ్ళెవరు పోతున్నారు? జిల్లా స్థానిక కమిటీ సభ్యుల పేర్లేమిటి? వచ్చే సమావేశానికి ఈ మూడూ రాసుకొస్తే నాకు చాలు.

మొన్న సంక్రాంతికి ముందు ఆ తల్లి కనబడింది. రెండో పిల్ల కబడ్డీ బాగా ఆడుతుందట, శిబిరానికి రమ్మన్నారట. “పంపమంటారా మేడంగారూ, వద్దంటారా?” అని అడిగింది. వెంట టీచరమ్మ ఎవరన్నా పోతున్నారా అన్నాను. లేదంది.