పొట్ట కొవ్వుకీ అల్జీమర్స్‌కీ లింకేంటి?

ఈ ఎపిసోడ్ శ్రీకూర్మంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తున్నా. వెనక గాలి సౌండ్ వస్తే ఏమనుకోకండి.

మా తాత కూర్మనాథుడి గుడిలో తాబేళ్ళని చూడకుండా పొద్దు గడిపేవాడు కాదు. చివరి రెండేళ్ళు ఆ గుడికి దారే మర్చిపోయాడు. ఒకరోజు నన్ను చూసి "నువ్వెవలి గుంటడివి బావూ?" అన్నాడు. ముసలితనం అనుకుని అందరం నవ్వేశాం. అది అల్జీమర్స్ అని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇప్పుడు నా బెంగ నాన్న గురించి. వయసు 52. కాళ్ళూ చేతులూ సన్నమే, పొట్ట మాత్రం ముందుకొచ్చింది.

అమెరికాలో, ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటేలో 1964-73 మధ్య, 40-45 ఏళ్ళున్న 6,583 మందికి పొట్ట మందం కొలిచారు. సుమారు 36 ఏళ్ళ తర్వాత ఎవరికి డిమెన్షియా వచ్చిందో చూశారు. పొట్ట బాగా ఎక్కువున్నవాళ్ళకి, తక్కువున్నవాళ్ళతో పోలిస్తే ముప్పు దాదాపు మూడు రెట్లు! మొత్తం బరువు నార్మల్‌గా ఉన్నా, పొట్ట ఉంటే ముప్పు ఎక్కువే. ఈ రిజల్ట్ 2008లో వచ్చింది. మా నాన్న టైపు బాడీ మనదేశంలో చాలా కామన్ కాబట్టి నాకు ఇదే గుచ్చుకుంది.

మరి పొట్టకీ మెదడుకీ వైర్ ఎక్కడుంది? లివర్‌లో కొవ్వుని కరిగించే పనులకి స్విచ్ లాంటి ప్రోటీన్ ఒకటుంది, పేరు పీపార్ ఆల్ఫా. షికాగోలోని రష్ యూనివర్సిటీలో కాళీపద పహాన్ టీమ్, జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో కూడా ఇదే పనిచేస్తోందని 2013లో చెప్పింది. మెదడులో అది లేని ఎలుకలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. పొట్ట కొవ్వు పెరిగితే ఈ ప్రోటీన్ ముందు లివర్‌లో, తర్వాత మెదడులో తగ్గుతుందేమో అన్నది పహాన్ ఊహ. గుర్తుపెట్టుకోండి, ఊహే. ఎలుకల్లో చూసింది మనుషుల్లో రుజువైనట్టు కాదు.

ఇదంతా చెప్తే నాన్న అడిగిన ప్రశ్న: "తాతకి పొట్టే లేదు కదరా, మరి ఆయనకెందుకొచ్చింది?"

పాయింటే. వయసుంది, జీన్స్ ఉన్నాయి. పొట్ట వాటిలో ఒక కారణం మాత్రమే. కానీ వయసునీ జీన్స్‌నీ మార్చలేం, పొట్టని తగ్గించగలం.

మన దగ్గర నడుము కొలత లిమిట్ మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. టేపు తెచ్చి కొలిస్తే నాన్నకి 101. రేపట్నుంచి పొద్దున్నే నడుస్తానన్నాడు. అంటూనే టేపు నా చేతిలోంచి లాక్కున్నాడు. "ముందు నీది చూద్దాం రా."

ఆరేళ్ళు కుర్చీలో కూర్చుని కోడింగ్ చేసిన నడుము. 94.