రంజాను నెలలో మనవారి పరదేశవాసం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్ల పాఠశాల చరిత్రను నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా చెప్పియున్నారు. దానినే మరల చెప్పి మీ సమయాన్ని హరించను. నేను ఎన్నుకొన్న విషయం వినగానే, ఇది తెలుగు బడి వేడుకలో చెప్పవలసిన మాటేనా అని కొందరికి అనిపించవచ్చును. మా ప్రవేశ పట్టికలను చూచినవారికి అట్లు అనిపించదు. తండ్రి వృత్తి అని వ్రాసే గడిలో ఒకప్పుడు నేత, వర్తకం, రైల్వే ఉద్యోగం అని ఉండేది. ఇప్పుడు తరగతికి నలుగురైదుగురి పేర్ల ఎదుట "విదేశం" అనే ఒక్క మాట కనబడుతున్నది. ఆ విదేశం చాలవరకు కువైట్, దుబాయి, ఖతార్, సౌదీ అరేబియా.

గంజాం వారికి వలస కొత్త కాదు. గోపాలపురం రేవులో ఓడనెక్కి రంగూను పోయిన తరం ఒకటున్నది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చినవారి కథలు మా ఇంట కూడా చెప్పుకొనేవారు. ఆ తరువాత సూరత్ మరమగ్గాలు మన జిల్లా యువకులను పిలిచాయి. ఇప్పుడు ఎడారి పిలుస్తున్నది. సరిహద్దుకు ఆవల ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాలదీ ఇదే కథ.

అయితే రంగూనుకు, సూరత్‌కు లేని ఒక విశేషం అక్కడ ఉన్నది. ఏడాదిలో ఒక నెల దేశమంతటి దినచర్య తలక్రిందులవుతుంది. ఆ నెల వచ్చినదని మాకు పంచాంగం చూడకుండానే తెలుస్తుంది. మొదటి పీరియడులో కొందరు పిల్లలు కునికిపాట్లు పడుతుంటారు. విచారిస్తే, నాన్నగారు రాత్రి రెండు గంటలకు ఫోను చేశారంటారు. తల్లులు నా గదికి వచ్చి, ఆయనను పగలు మంచినీళ్ళు త్రాగనివ్వరట, త్రాగితే జైలట, నిజమేనా అని అడుగుతారు. అడిగే గొంతులోని భయం చూచిన తరువాత, ఈ సంగతి నలుగురిలో చెప్పుట నా విధి అనుకొన్నాను.

2018 వేసవి సెలవులలో నేను మా చెల్లెలి ఇంట కువైట్‌లో ఉన్నాను. ఆ సంవత్సరం రంజాను ఉపవాసాలు మే 17న మొదలైనవి. తెల్లవారుజామున మూడు గంటలు దాటగానే ఆరంభమైన ఉపవాసం సాయంకాలం ఆరున్నర దాటేవరకు, అనగా పదిహేను గంటలకు పైగా సాగేది. ఎండ నలుబది డిగ్రీలు దాటిన రోజులవి. చుక్క నీరు లేకుండ అంతసేపు ఉండేవారిని చూచినపుడు, కార్తికమాసంలో హబిష వ్రతం పట్టే మన ఇరుగుపొరుగు ఒడియా వృద్ధస్త్రీలు గుర్తుకు వచ్చారు. బకపంచకం ఐదు రోజులు కొంగ సైతం చేపను ముట్టదని చెప్పుకొనే దేశంలో పెరిగినవారికి ఉపవాసం పరాయిది కాదు. పరాయిదల్లా, దానికి చట్టం కాపలా కాయడం.

చట్టం మాట వాస్తవమే. కువైట్‌లో 1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం రంజాను పగటివేళ బహిరంగంగా తినినా, త్రాగినా నూరు దీనార్ల వరకు జరిమానా గాని, నెల వరకు ఖైదు గాని విధించవచ్చును. ఏ మతంవారికైనా ఇది వర్తిస్తుంది. అయితే "బహిరంగంగా" అన్న మాటను గమనించవలెను. తన గదిలో, నాలుగు గోడల మధ్య తినేవారిని ఎవరూ అడగరు. మా మరిది కార్యాలయంలో ఒక చిన్నగది తలుపు మూసుకొని నీళ్ళు త్రాగి వచ్చేవాడు. ఆరుబయట కట్టడాల పని చేసేవారు రేకుల గదిలోకి పోయి త్రాగవలెను. మేస్త్రీ మంచివాడైతే పంపుతాడు, కానివాడైతే విసుక్కొంటాడు. భయపడవలసినది చట్టానికంటె ఈ విసుగుకే అని నాకు తోచినది. దుబాయిలో మాత్రం పట్టు సడలినది. పగలు భోజనశాలలు తెరలు కట్టి నడపాలన్న నియమాన్ని 2021లో తొలగించారు.

పని గంటలు కూడా తగ్గుతాయి. ఎమిరేట్సులో ఉపవాసమున్నా, లేకున్నా అందరికీ రోజుకు రెండు గంటలు తగ్గిస్తారు. సౌదీలో ముస్లిము ఉద్యోగులకు రోజుకు ఆరు గంటలు. కువైట్ 2010 నాటి కార్మిక చట్టం ఆ నెలకు వారానికి ముప్పది ఆరు గంటలే నిర్ణయించినది. మీ వారికి ఈ తగ్గింపు దక్కుతున్నదో లేదో అడిగి తెలిసికొనండి. తెలియక వదలుకొనేవారు ఉన్నారు.

ఇక సాయంకాలం. సూర్యాస్తమయానికి అరగంట ముందు వీధులలో కార్లు వెర్రిగా పరుగెత్తుతాయి. ఫిరంగి మ్రోగగానే ఊరంతా హఠాత్తుగా నిశ్శబ్దం. మసీదు ప్రక్కన గుడారాలలో పొడవాటి పట్టలు పరచి ఖర్జూరాలు, మజ్జిగ, హరీసు, అన్నం, మాంసం వడ్డిస్తారు. వచ్చి కూర్చున్నవానిని నీ మతమేమి, నీ దేశమేమి అని అడగరు. మన గంజాం కుర్రవాడు, బంగ్లాదేశీయుడు, ఈజిప్టువాడు ఒకే పళ్ళెం చుట్టూ చేరుతారు. మొత్తం జీతం ఇంటికి పంపి, రొట్టె ముక్కతో కాలం గడిపే కుర్రవానికి ఆ ముప్పది రోజుల భోజనం సామాన్యమైనది కాదు.

ఇంతవరకు మగవారి మాట. కడప జిల్లానుండి, గోదావరి జిల్లాలనుండి ఎందరో తెలుగు స్త్రీలు కువైట్ ఇళ్ళలో వంటపనికి పోయియున్నారు. మా చెల్లెలి ఇంటి ఎదుట ఒక పెద్ద కుటుంబంలో రాయచోటి వైపు ఆమె పనిచేసేది. మధ్యాహ్నం నుండి ఇఫ్తారు వంట, రాత్రి బంధువుల రాకపోకలు, అంట్లు, మరల వేకువజామున సహరు భోజనం. ఆమె పడుకొనేసరికి తెల్లవారేది, మూడు నాలుగు గంటలకే లేచేది. కార్యాలయాలకు గంటలు తగ్గించిన చట్టం ఆ వంటయింటి గడప దాటదు. ఇంటి పనివారికి 2015లో వేరుగా చేసిన 68వ నంబరు చట్టం రోజుకు పన్నెండు గంటలకు మించరాదన్నది గాని, లోపల గడియారం చూచేవారెవరు? దయకు, దానానికి పేరుపడిన మాసంలో ఒక మనిషికి నిద్ర కరవగుట నాకు మింగుడు పడలేదు. అయితే దసరా తొమ్మిది రోజులూ మన ఇళ్ళలో ఎవరి నడుము విరుగుతుందో కూడ తలచుకొన్న తరువాతనే అక్కడివారిని అనవలెను. ఆ ఇంటివారే పండుగకు ఆమెకు కొత్తబట్టలు, ఒక నెల జీతం అదనంగా ఇచ్చారు. అదీ చెప్పకపోతే అన్యాయమే.

ఉపాధ్యాయురాలిని గనుక పిల్లల సంగతి ఒకటి చెప్పక మానలేను. నెల నడిమి మూడు రాత్రులు కువైట్ పిల్లలు మెడకు సంచులు తగిలించుకొని, పాడుకొంటూ ఇంటింటికీ పోతారు. గర్గియాన్ అంటారు. పెద్దలు పప్పులు, మిఠాయిలు సంచులలో పోస్తారు. దసరా పప్పుబెల్లాలకు విల్లంబులు పట్టుకొని వీధిబడి పిల్లలు వచ్చినట్లే ఉన్నది. మనం ఆ ఆచారాన్ని దాదాపు మరచాము, వారు నిలుపుకొన్నారు.

మరొక లెక్క. వారి సంవత్సరానికి 354 లేక 355 రోజులు. కనుక రంజాను ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరిగి, ముప్పది మూడేండ్లకు ఋతువులన్నీ చుట్టివస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి మొదలవుతుంది. మనదీ చంద్రుని లెక్కే అయినా అధికమాసం వేసి ఋతువుకు ముడివేస్తాము. 2023 మార్చి 22న మనకు ఉగాది, మరునాడే అక్కడ ఉపవాసారంభం. ఆ ఏడు మనకు అధిక శ్రావణం వచ్చినందున 2024లో ఉగాది ఏప్రిల్ 9కి జరిగి, వారి పండుగ 10న వచ్చినది. 2025 మార్చి 30న ఉగాది, కువైట్, దుబాయిలలో రంజాను పండుగ ఒకేనాడు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఈ తేదీలిచ్చి కారణం చెప్పమన్నాను. నల్లబల్లపై ఇద్దరు సరిగా తేల్చారు. వారిలో ఒకరి తండ్రి ఖతార్‌లో ఉన్నాడు.

ఇక ఫోనుల సంగతి. ఆ నెలలో అంగళ్ళు రాత్రి పొద్దుపోయేవరకు తెరచియుండుటచే మనవారు అర్ధరాత్రి గదికి చేరుతారు. వారికి మధ్యాహ్నం తీరిక ఎక్కువ. కువైట్, ఖతార్, సౌదీలలో నాలుగు గంటలైతే మనకు సాయంకాలం ఆరున్నర, దుబాయిలో నాలుగైతే మనకు ఐదున్నర. ఆ వేళకు ఫోను చేయమని చెప్పండి. పిల్లవాడు తండ్రితో మాట్లాడి, పాఠం చదువుకొని, వేళకు నిద్రపోతాడు.

పోదలచినవారికి ఒక మాట. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతిలోనిది. గల్ఫు దేశాలకు ఉద్యోగానికి పోవుటకు వారు వలసల శాఖ అనుమతి పొందవలెను. పదవ తరగతి పత్రం ఉన్నవారికి ఆ బెడద లేదు. కాని మన తెలుగువారికి మరొక చిక్కున్నది. పత్రంలో ఇంటిపేరు ముందు, ఆధారులో వెనుక, ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి పేరు. తప్పు దిద్దించుటకు కటకంలోని విద్యామండలికి పాఠశాల ద్వారానే దరఖాస్తు పోవలెను. వీసా వచ్చిన తరువాత పరుగెత్తుకు రాక, ఇప్పుడే పత్రాలు తెచ్చి సరిచూచుకొనండి. పూర్వ విద్యార్థులు ఏ సంవత్సరం వారైనా రావచ్చును. పాత రిజిస్టర్లు బీరువాలో వరుసగా సర్దియున్నవి. శనివారాలు మధ్యాహ్నం రెండు గంటల తరువాత గుమాస్తాగారితోపాటు నేను కూడా ఆఫీసు గదిలో ఉంటాను. సెలవు.