ఉపాధ్యాయునకు అంతర్జాలము - పంచాయతీల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో రోడ్లు, మురుగుకాలువలు, మంచినీరు, వీధిదీపములు చర్చకు వచ్చినంతగా బడిలో జరుగు పాఠము చర్చకు రాదు. బడికి సున్నము వేయించితిమా, ప్రహరీ కట్టించితిమా, కుళాయి పెట్టించితిమా అని విచారింతుము. ఆ గోడల నడుమ పిల్లలు వినుచున్న పాఠమును సిద్ధము చేసికొనుటకు ఉపాధ్యాయునకు ఏ సదుపాయము కలదో విచారించుట అరుదు. నేడు మేము ఆ విషయమునే మీ ముందుంచదలచితిమి.

ఇది పంచాయతీ చేయదగిన పనియేనా అను సందేహము కొందరికి కలుగవచ్చును. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మన రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలును చేర్చినది. రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందు గలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య 17వ అంశము. గ్రంథాలయములు 20వ అంశము. 2009 విద్యాహక్కు చట్టము ననుసరించి ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములలో కనీసము నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. కనుక బడి ఎవరిదో కాదు, మనది.

సాధనములు వచ్చినవి

గత పదునైదు సంవత్సరములలో గ్రామములకు చేరిన సాధనములు సామాన్యమైనవి కావు. దేశమందలి సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను ఆప్టికల్ ఫైబర్ తీగలతో కలుపుటకు 2011లో కేంద్ర ప్రభుత్వము ఒక పథకమును ఆమోదించినది. తరువాత అదియే భారత్ నెట్ అను పేర ప్రసిద్ధమైనది. 2017 సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయ దినోత్సవము నాడు, దీక్ష అను జాతీయ వేదిక ఉపాధ్యాయుల కొరకు ప్రారంభమైనది. పాఠ్యపుస్తకములలో అచ్చైన క్యూఆర్ గుర్తును సెల్ ఫోనుతో చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన చిత్రములు, వీడియోలు తెరచుకొనును. అనేక పాఠశాలల తరగతి గదులలో పెద్ద తెరలు కూడ వెలసినవి.

ఇండ్లలోనికి ఫోను వచ్చిన వేగము ఇంకను ఎక్కువ. గ్రామీణ బాలబాలికల చదువును పరిశీలించు అసర్ నివేదికల ప్రకారము, 2018లో నూటికి 36 కుటుంబములలో స్మార్ట్ ఫోను ఉండగా, 2022 నాటికి ఆ సంఖ్య సుమారు 75 అయినది. 2024 నివేదికలో 14 మొదలు 16 ఏండ్ల వయస్సు గల పిల్లలలో నూటికి 82 మంది ఫోను వాడుట ఎరుగుదుమనిరి. అట్టి వారిలో గడచిన వారమున చదువు కొరకు వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. అనగా మన పిల్లలు అంతర్జాలములో ఇప్పటికే విహరించుచున్నారు. దారి చూపువాడు మాత్రము వారికి కావలెను.

గ్రంథాలయమునకు, అంతర్జాలమునకు భేదము

తెలుగువారికి జ్ఞానమును ఊరూరికి చేర్చుట క్రొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి పెద్దలు ఆ ఉద్యమమునకు జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణాతీరమున పుస్తకములను పడవపై నుంచి, కాలువ గట్టున నున్న పాఠకుల వద్దకే పంపించెను.

ఆ పడవలో నున్న ప్రతి పుస్తకమును ఎవరో ఒకరు చదివి, మంచిదని ఎంచి, పెట్టెలో పెట్టిరి. అంతర్జాలమునకు అట్టి గ్రంథపాలకుడు లేడు. శాస్త్రజ్ఞుని వ్యాసము, వ్యాపారి ప్రకటన, గాలివార్త, హాస్యమునకు కల్పించిన చిత్రము ఒకే తెరపై, ఒకే అక్షరములలో, ఒకదాని ప్రక్క నొకటి కానవచ్చును. వానిని ఏరి, సరిచూచి, పిల్లల ముందుంచు గ్రంథపాలకుడు నేడు మన ఉపాధ్యాయుడే కావలసి యున్నది. ఆ నేర్పు యంత్రముతో పాటు పెట్టెలో రాదు. దానికి అభ్యాసము కావలెను. అభ్యాసమునకు సమయము కావలెను.

ఒక పాఠము ఎట్లు సిద్ధమగును?

సముద్రతీర గ్రామమందలి ఒక బడిలో తుపానును గురించి పాఠము చెప్పవలసి యున్నదనుకొందము. ఉపాధ్యాయుడు మొదట తెర ముందు కాక, కాగితము ముందు కూర్చుండవలెను. పాఠము ముగియునప్పటికి పిల్లలకు ఏమి తెలియవలెను? తుపాను ఎట్లు పుట్టును, దాని రాక ముందుగా ఎట్లు తెలియును, హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటిల్లిపాది ఏమి చేయవలెను - ఈ మూడు ప్రశ్నలు వ్రాసికొనినచో వెదకుట సగము పూర్తియైనట్లే.

తరువాత వెదకు మాటలు. ‘తుపాను’ అని మాత్రమే వ్రాసినచో సినిమాల పేర్లు, పాటలు, నిన్నటి వార్తలు అన్నియు కలగలిసి వచ్చును. ‘1977 నవంబరు దివిసీమ ఉప్పెన’ అని వ్రాసినచో కావలసినది దగ్గరపడును. తెలుగులో ఒకసారి, ఆంగ్లములో ఒకసారి వెదకుట మేలు. రెండు భాషలలోను దొరకునవి ఒక్కటి కావు.

దొరకినదానిని నమ్ముటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వేరెవరైన అట్లే చెప్పుచున్నారా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఒక పరిశీలన ప్రకటించిరి. పదిమంది చరిత్రాచార్యులను, పదిమంది వార్తల నిజానిజములు తేల్చు వృత్తినిపుణులను, 25 మంది విద్యార్థులను కూర్చుండబెట్టి, కొన్ని అంతర్జాల పుటలలోని సమాచారము ఎంత నమ్మదగినదో తేల్చుమనిరి. విద్యార్థులే కాక, ఆచార్యులలో కూడ పలువురు ఆ పుటనే పైనుండి క్రిందికి చదివి, దాని అందచందములకు మోసపోయిరి. వృత్తినిపుణులు మాత్రము త్వరలోనే ఆ పుటను విడిచి, దానిని నడుపువారిని గురించి ఇతరులు ఏమనుచున్నారో చూచి, తక్కువ కాలములో సరియైన నిర్ణయమునకు వచ్చిరి. క్రొత్త మనిషి ఊరికి వచ్చినప్పుడు అతని మాటలతోనే తృప్తిపడక నలుగురిని విచారించు అలవాటు మనకు కలదు కదా! ఇదియు అట్టిదే.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతుల సంఖ్య ఒకచోట పదివేలని, మరియొకచోట అంతకు ఎంతో ఎక్కువయని కానవచ్చును. వానిలో భయంకరమైనదానిని ఎన్నుకొనుట పాఠము కాదు. ‘కనీసము పదివేలమంది యందురు, లెక్కలు ఏకీభవించుట లేదు’ అని చెప్పుట సత్యము. అట్లు చెప్పు ఉపాధ్యాయుని వద్ద పిల్లలు తుపానుతో పాటు నిజాయితీని కూడ నేర్చుకొందురు.

చిత్రములకును పరీక్ష కలదు. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురు దిశలో తిరుగును. దక్షిణమున ముల్లు దిశలో తిరుగును. బంగాళాఖాత తుపాను అని చూపిన ఉపగ్రహ చిత్రములో మేఘములు ముల్లు దిశలో సుడి తిరిగియున్నచో, అది దక్షిణార్ధగోళపు చిత్రమో, తిరగవేసినదో అయి యుండును. ఈ ఒక్క పరీక్షను పిల్లల చేతనే చేయించినచో వారు ఆ పాఠమును మరువరు. కృత్రిమ మేధ యంత్రములు నేడు అడిగినంతనే వ్యాసమును, చిత్రమును తయారుచేసి ఇచ్చుచున్నవి. అవి తప్పును కూడ ఒప్పువలె ధీమాగా చెప్పగలవు. వానిని సహాయకులుగా వాడవచ్చును గాని, సాక్షులుగా నమ్మరాదు.

తెరపై ఏమి చూపవలెను?

సేకరించినదంతయు తెరపై కుప్పపోయుట పాఠమునకు చేటు. ఒక పలకపై ఒక విషయము, ఒక చిత్రము చాలును. చివరి వరుసలోని పిల్లవానికి కనబడునంత పెద్ద అక్షరములుండవలెను. తెరపై వ్రాసిన వాక్యములనే ఉపాధ్యాయుడు బిగ్గరగా చదువుట తగదు. చిత్రమును చూపుచు, తన మాటలతో వివరించినప్పుడే పిల్లలకు బాగుగా పట్టువడునని విద్యాశాస్త్రజ్ఞుల ప్రయోగములు చెప్పుచున్నవి. చిత్రము ఎవరిదో, ఎప్పటిదో క్రింద వ్రాయవలెను. కరెంటు, లైను నమ్మరానివి గనుక ముందురోజు సాయంకాలమే అన్నిటిని పెన్ డ్రైవులో దాచుకొనవలెను.

దూరపు చిత్రములతో పాటు సొంత ఊరును చూపినచో పాఠమునకు ప్రాణము వచ్చును. మన అంతరిక్ష సంస్థ 2009లో ప్రారంభించిన భువన్ అను వేదికలో ఉపగ్రహములు తీసిన మన గ్రామముల చిత్రములు గలవు. మా కాలువ ఇది, మా బడి ఇది, మెరక ఇక్కడ, తుపాను ఆశ్రయ భవనము అక్కడ అని పిల్లలే వ్రేలుపెట్టి చూపగలరు. ఆనాటి ఉప్పెనను కన్నులార చూచిన వృద్ధులెవరైన గ్రామములో నున్నచో, వారిని తరగతికి ఆహ్వానించుట ఏ వీడియోకును తీసిపోదు. ఆ పిలుపు పంచాయతీ తరఫున వెళ్లిన మరింత గౌరవము.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: పంచాయతీ కార్యాలయము వరకు వచ్చిన ఇంటర్నెట్ లైను బడికి, గ్రంథాలయమునకు చేరినదో లేదో చూడుడు. చేరినచో ఈ నెలలో ఎన్ని దినములు పనిచేసినదో ప్రతి సమావేశమున విచారించుడు. లైను ఉన్నదని రికార్డులో వ్రాసికొనుట వేరు, అది పనిచేయుట వేరు.

రెండవది, మిక్కిలి ముఖ్యమైనది: ఉపాధ్యాయుని సమయమును కాపాడుడు. విద్యాహక్కు చట్టములోని 27వ సెక్షను ప్రకారము జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతరములైన విద్యేతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదు. మన సౌకర్యము కొరకు ఏదో ఒక జాబితా వ్రాయుమని మాస్టారికి కబురు పంపునప్పుడెల్ల, రేపటి పాఠమునకు కావలసిన గంటను మనము తీసికొనుచున్నామని జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది: ఇరుగుపొరుగు గ్రామముల ఉపాధ్యాయులు నెలకు ఒకటి రెండు పర్యాయములు కలిసి, తాము సిద్ధము చేసిన పాఠములను ఒకరికొకరు చూపుకొనుటకు చోటు కల్పించుడు. ఒకరు వెదకి సరిచూచిన పాఠము పదిమందికి ఉపయోగపడును. ఒకరికి కనబడని తప్పు మరియొకరికి కనబడును. మాకు రాదని సంకోచించు పెద్ద వయస్సు ఉపాధ్యాయులు, తోటివారి వద్ద నేర్చుకొనుటకు సంకోచింపరు.

నాలుగవది: చిన్న మరమ్మతులు, పెన్ డ్రైవులు, కరెంటు పోయినప్పుడు ఆదుకొను బ్యాటరీ వంటి స్వల్ప వ్యయములను గ్రామాభివృద్ధి ప్రణాళిక వ్రాయునప్పుడే చేర్చుడు. పెద్ద తెర కొనుట కంటె, ఉన్న తెర పాడైన వారములోగా బాగుచేయించుట గొప్ప సేవ.

ఒక్క హెచ్చరిక. ఏమి బోధింపవలెనో ఆజ్ఞాపించుట మన పని కాదు. ప్రతి పాఠమునకు తెర ఉండి తీరవలెనని పట్టుపట్టుటయు తగదు. నల్లబల్లపై సుద్దముక్కతో చక్కగా చెప్పిన పాఠము పాఠమే. సరిచూడని బొమ్మలతో నిండిన తెర పాఠము కాదు.

సభ్యులారా! 1977లో హెచ్చరికను ఇంటింటికి చేర్చు సాధనములు మన గ్రామములలో స్వల్పము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకునాటికి లక్షకు పైగా జనమును ముందుగానే సురక్షిత ప్రాంతములకు తరలింపగలిగిరి. నేడు వార్త చేరకపోవుట కంటె, నిజమైన హెచ్చరికతో పాటు పది గాలివార్తలు అదే ఫోనులోనికి వచ్చుట పెద్ద చిక్కు. గట్టు తెగినదని ఒకరు, ఏమియు కాదు ఇంటనే ఉండుడని మరియొకరు పంపుదురు. ఆ రాత్రి ఫోను చేతబట్టి ‘ఇది ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వాతావరణ శాఖ ఏమన్నది?’ అని అడుగు పిల్ల ఒకతె ఇంటిలో నున్నచో, ఆ ఇల్లు సరియైన వేళకు బయలుదేరును. ఆ ప్రశ్నలను ఆమె నేర్చుకొనవలసిన చోటు మన బడి.

కావున రాబోవు సమావేశపు చర్చనీయాంశములలో ఒక అంశమును చేర్చుడని మా మనవి: మన ఊరి ఉపాధ్యాయులకు పాఠము సిద్ధము చేసికొనుటకు ఏమి కావలెను? సమాధానము మేము చెప్పుట కాదు, వారినే పిలిచి అడుగుడు. వారు చెప్పినదానిలో ఒక్కటియైన ఈ సంవత్సరము నెరవేర్చినచో గ్రామమునకు మేలు చేసినవారగుదురు.