తెలివి మీద ఒక కన్ను

పట్టాలు అందుకున్న యువ వైద్యులారా!

1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలుగా మొదలైన ఉస్మానియా వైద్య కళాశాల బిడ్డలు మీరు. ఈ నగరంలోనే 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చే కమిషన్లు పనిచేశాయి. మత్తులో ఉన్న రోగి ఊపిరిని కనిపెట్టి ఉండమని అవి నొక్కి చెప్పాయి. ఆ మాట నిలిచింది. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న వాటి నిర్ణయం మాత్రం తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. రోగిని కనిపెట్టి ఉండడం, కొత్త పద్ధతిని పరీక్షకు పెట్టడం, రెండూ మీ వారసత్వమే.

అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రిలోనైనా మరెక్కడైనా, ఐసీయూలో ఊపిరిని మానిటర్ చూపిస్తుంది. తెలివి చెదిరిపోతున్న సంగతి చూపించదు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన పెద్దాయన రాత్రికి పైపులు పీకేసుకుంటాడు. ‘పలవరిస్తున్నాడు సార్’ అంటూ ఇంటివాళ్లు పరుగెత్తుకొస్తారు. పక్క మంచం మీది అమ్మ ఉలుకూపలుకూ లేకుండా పడుకుని ఉంటుంది. ఆమెదీ డెలిరియమే, అంటే తెలివి చెదిరిన స్థితే, కావచ్చు. అడిగి చూస్తేనే తెలుస్తుంది. వెంటిలేటర్ మీదున్న రోగిలోనూ దీన్ని గుర్తించే పరీక్షను వైద్య పరిశోధకుడు వెస్లీ ఈలీ బృందం 2001లోనే ఇచ్చింది. డెలిరియం ఎక్కువ రోజులున్నవారికి ఏడాది తర్వాత కూడా ఆలోచనాశక్తి మందగించి ఉంటుందని 2013లో వెలువడిన అధ్యయనం చూపింది.

దీన్ని నివారించే దారి వెతుకుతూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐసీయూ రోగులకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టి, అలారం మోతల నడుమ ప్రశాంతమైన ప్రకృతిని చూపించారు, ధ్యానం చేయించారు. ఆందోళన కొంత తగ్గింది. అది డెలిరియాన్ని ఆపుతుందని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. ఆ రుజువు కోసం మీరు పనిచేయండి. మన రోగులకు మన చెరువులు, మన తోటలు చూపించండి, మన భాషలో మాట వినిపించండి. రోగి బెదిరితే హెడ్‌సెట్ వెంటనే తీసేయండి. ఒకరికి వాడింది శుభ్రం చేయనిదే మరొకరికి పెట్టకండి.

హెడ్‌సెట్ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. వైద్య పరిశోధకురాలు షారన్ ఇనోయే 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యం అందిన వృద్ధుల్లో 15 శాతం మందికి డెలిరియం వస్తే, ప్రత్యేక శ్రద్ధ అందినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. ఏమిటా శ్రద్ధ? ఇది ఏ చోటో, ఏ రోజో చెప్పడం, రాత్రి నిద్ర పోనివ్వడం, లేపి నడిపించడం, కళ్లజోడు, వినికిడి యంత్రం అందించడం, నీళ్లు పట్టించడం.

రేపు రౌండ్స్‌లో మంచం దగ్గర ఆగండి. తెలుగులోనో ఉర్దూలోనో పేరు పెట్టి పలకరించండి. రోగి ప్రాణంతోపాటు తెలివినీ క్షేమంగా ఇంటికి పంపండి. అప్పుడే మీ వైద్యం పూర్తయినట్టు.