కంప్యూటరులో బొమ్మలు - చేతికి తగిన పనిముట్టు
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడితే ఈ హాలులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుందని నాకు తెలుసు. కానీ కార్యదర్శిగారు నన్ను కంప్యూటరులో బొమ్మలు వేయడం గురించి చెప్పమన్నారు. పోయిన ఏడాది మా ఇంట్లో ముగ్గుల ఆల్బం చూసినప్పటి నుంచి మీలో చాలామంది "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అని అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే జవాబు మనవి చేసుకుంటాను.

నేను 1976లో నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరి, 2012లో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. టీ-స్క్వేరు, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ పేపరు, ఇండియన్ ఇంకు - ఇవే నా జీవితం. గీత తప్పితే బ్లేడుతో సుతారంగా గీకి, మళ్ళీ గీసేవాళ్ళం. అలాంటి చెయ్యి రిటైరైన కొన్నేళ్ళకు వణకడం మొదలుపెట్టింది. డాక్టరుగారు ప్రాణభయం లేదన్నారు, మందులిచ్చారు. కానీ గీత మాత్రం గీత కాలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. డ్రాయింగ్ బోర్డు అటక మీద పెట్టేసి, "ఇంక విసుగొచ్చింది" అని తప్పించుకున్నాను.

తర్వాత మా ఆవిడకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది. వాకిట్లో వంగి ముగ్గు పెట్టే వీలు పోయింది. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టిన ముగ్గుల నోటు పుస్తకం ఆమె దగ్గర ఉంది. పెన్సిలు గీతలు మాసిపోయి, కాగితాలు పొడి రాలుతున్నాయి. ఒకరోజు అది నా ముందు పెట్టి, "ఏమండీ, ముప్పై ఆరేళ్ళు సర్కారు కాలవలన్నీ గీశారు. నా ముగ్గులు గీయలేరా?" అంది. అప్పుడు చెప్పక తప్పలేదు. చెయ్యి చాపి చూపించాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే కంప్యూటరులో చూడండి" అంది.

అక్కడ నేను చేసిన తప్పు ముందుగా చెబుతాను, మీరు చేయకుండా. పేరున్న సాఫ్ట్‌వేరే మంచిదనుకుని ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రాడు కొంత డబ్బు తీసుకుని దొంగ కాపీ వేసి ఇచ్చాడు. నెల తిరగకుండా కంప్యూటరుకు వైరస్ పట్టి, మనవడి ఫోటోలతో సహా అన్నీ పోయాయి. డబ్బు కంటే ఆ ఫోటోలకే ఎక్కువ బాధపడ్డాను. దొంగ కాపీ చవకైనది కాదు. దాని ఖరీదు తర్వాత కట్టిస్తుంది.

ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకుని, ఆఫీసులో ఎస్టిమేటు వేసే పద్ధతిలో మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఏమి గీయాలి? ఏ యంత్రం మీద గీయాలి? ఎంత ఖర్చు పెట్టగలను? ఏది గొప్పదన్న ప్రశ్న వీటి తర్వాతే.

మొదటిది - ఏమి గీయాలి? బొమ్మల సాఫ్ట్‌వేర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకంలో బొమ్మ అంతా గ్రాఫు కాగితం గళ్ళలో రంగు నింపినట్టు చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కలే పిక్సెళ్ళు. కుంచె పని, రంగుల పని, ఫోటోలు దీనికి చెందుతాయి. రెండో రకంలో గీతలను లెక్కల రూపంలో దాచుకుంటుంది. ఎంత పెద్దది చేసినా మసకబారవు. బ్యానర్లకు, చిహ్నాలకు అది బాగు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అలాంటిది, ఉచితం. పాత ఫోటోలు బాగుచేయాలంటే 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గింప్ ఉంది.

రెండోది - యంత్రం. ప్రొక్రియేట్ చాలా బాగుంటుంది, ఒకసారి కొంటే చాలు. కానీ ఐప్యాడ్ ఉండాలి. ఫోను మీద సరదాగా మొదలుపెట్టేవారికి ఐబిస్ పెయింట్ ఉంది, ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి. విండోస్ కంప్యూటరు ఉన్నవారికి అందులోనే పెయింట్ ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. అమెరికాలో హాల్ లాస్కో అనే పెద్దాయన అక్షరాలు గీసే పని చేసి రిటైరయ్యారు. చూపు మందగించాక, పెయింట్‌లో బొమ్మను పెద్దది చేసుకుని చుక్క చుక్కగా రంగులు పెట్టారు. తొంభై ఏళ్ళు దాటాక కూడా వేశారు. ఆయన 2014లో కాలం చేశారు.

మూడోది - ఖర్చు. ఫోటోషాప్ 1990లో వచ్చింది, వృత్తిలో ఉన్నవారికి గొప్ప పనిముట్టే. అయితే ఆ కంపెనీ 2013లో చందా పద్ధతికి మారింది. చందా కట్టినన్నాళ్ళే వాడుకోగలం. పెన్షను ఖాతా నుంచి నెలనెలా దానంతట అదే కోతపడే ఏ ఏర్పాటుకైనా ఒప్పుకునే ముందు, ఆపడం ఎలాగో కనుక్కుని మరీ ఒప్పుకోండి.

ఈ మూడు ప్రశ్నలకు నా జవాబులు కలిపి చూస్తే క్రిటా తేలింది. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్దముక్క అని అర్థం. ముగ్గులకు సుద్దముక్క కంటే తగినదేముంది! ఇది పూర్తిగా ఉచితం. వారి సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. కొన్ని యాప్ దుకాణాల్లో డబ్బుకు అమ్మేదీ ఇదే. ఆ సొమ్ము దాన్ని తయారుచేసేవారికి అందుతుంది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, తప్పనిసరి కాదు.

అసలు సంగతి చెబుతాను. క్రిటాలో కుంచె టూల్ ఆప్షన్లలో స్టెబిలైజర్ అని ఒకటుంది. అది పెడితే గీత మన చేతికి కాస్త వెనకగా, వణుకును సర్దుకుంటూ వస్తుంది. మొదటిసారి అది పెట్టి ఒక నిలువు గీత గీశాను. తిన్నగా వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నా చేతి నుంచి తిన్నని గీత! సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళు తుడుచుకుని మళ్ళీ గీశాను.

మౌసుతో గీయడం సబ్బుబిళ్ళతో రాసినట్టుంటుంది. అందుకని యు.ఎస్.బి.కి తగిలించే చిన్న పెన్ టాబ్లెట్ కొన్నాను. చెయ్యి పలక మీద, చూపు తెర మీద ఉండాలి. రెండు వారాలు తికమకగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మిగతాదంతా మనకు తెలిసిన విద్యే. లేయరు అంటే ట్రేసింగ్ పేపరు. అడుగు పొరలో పుస్తకం ఫోటో, దాని మీద చుక్కలు, ఆపైన గీతలు, అన్నిటికీ పైన రంగులు. ఒకటి చెడితే మిగతావి పదిలం. బ్లేడుతో గీకే పని లేదు; కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే తప్పు వెనక్కి పోతుంది. మల్టీబ్రష్ అనే పనిముట్టుతో ఒక రేకు గీస్తే ఎనిమిది రేకులు తిరుగుతాయి. ఎ-ఫోర్ కాగితంపై చక్కగా అచ్చు కావాలంటే, బొమ్మ మొదలుపెట్టేటప్పుడే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళు పెట్టుకోవాలి. అసలు ఫైలును క్రిటా పద్ధతిలోనే దాచి, పిల్లలకు పంపడానికి వేరే నకలు తీయాలి. అసలు దానికి రెండో ప్రతి పెన్‌డ్రైవులో ఉండాలి. ఫోటోలు పోగొట్టుకున్నవాడి మాట వినండి.

మొదటి ముగ్గు పూర్తిచేసి మా ఆవిడకు గొప్పగా చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగానే ఉంది గానీ, అచ్చు గుద్దినట్టుంది. ఇది నా ముగ్గు కాదు" అంది. నిజమే. ఆమె ముగ్గులో మెలిక తిరిగే చోట గీత కాస్త లావెక్కుతుంది, పిండి ఆగిన చోటు తెలుస్తుంది. వణుకు పోవాలన్న ఆత్రంలో నేను స్టెబిలైజరును మరీ ఎక్కువ పెట్టాను. సగానికి తగ్గించి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ గీశాను. అక్కడక్కడ కొంచెం వణుకు మిగిలింది. "ఇప్పుడు చేత్తో పెట్టినట్టుంది" అంది.

అందువల్ల నా సలహా ఇంతే. పక్కింటివారు ఏది వాడుతున్నారని చూడకండి. మీ పనికి, మీ యంత్రానికి, మీ చేతికి తగినది ఒకటి ఎంచుకుని మూడు నెలలు దాన్ని వదలకండి. వారానికొకటి మారిస్తే ఏదీ రాదు. చాలదనిపించాకే డబ్బు పెట్టి కొనండి.

మా పుస్తకంలో ఇంకా సగం ముగ్గులు మిగిలి ఉన్నాయి. నేర్చుకోదలచినవారు ఇంటికి రండి. మా ఆవిడ కాఫీ ఇస్తుంది, గీతల్లో తప్పులు కూడా ఆమే చెబుతుంది.